రాతి గోడ డైరీ: సిమెంటు తీసి సున్నం పెట్టడం

మార్చి 14, శనివారం

వంటింటి కిటికీ కింద చెమ్మ మళ్లీ వచ్చింది. పోయిన దీపావళికి ముందు రంగు వేస్తే సంక్రాంతికల్లా పొంగి పెచ్చులుగా రాలింది. ఈసారి రంగు డబ్బా కొనకుండా అసలు గోడకేమైందో చూద్దామనుకున్నాను. ఈ డైరీ అందుకే. చేసింది చేసినట్టు, చెడగొట్టింది చెడగొట్టినట్టు రాసుకుంటాను.

ముందు ఇంటి సంగతి. ఇంగ్లండ్ నైరుతి మూల సోమర్సెట్ కౌంటీలో, యోవిల్‌కి దగ్గర్లో ఒక పల్లె మాది. పదిహేడో శతాబ్దం చివరిదని కాగితాల్లో ఉంది. కింద రెండు గదులు, పైన రెండు, ఒక పక్క పొయ్యి గూడు, ముందు వీధి. గోడ మందం రెండడుగులు. బయటి వరస రాళ్లు, లోపలి వరస రాళ్లు, మధ్యలో ముక్క రాళ్లూ మట్టీ కూరి ఉంటాయి. రాయి తేనె రంగు. సాయంత్రం ఎండ పడితే ఊరంతా ఒకే తేనె జాడీలోంచి తీసినట్టుంటుంది. కొనేటప్పుడు మేం పడిపోయింది ఆ రంగుకే. గోడ సంగతి అడగాలన్న ఆలోచన ఇద్దరిలో ఎవరికీ రాలేదు.

ఇది లిస్టెడ్ బిల్డింగ్, గ్రేడ్ టూ. ఇంగ్లండ్‌లో చారిత్రక కట్టడాలకి మూడు తరగతులున్నాయి. అన్నిటికంటే పైది గ్రేడ్ వన్, మధ్యది గ్రేడ్ టూ స్టార్, కిందది గ్రేడ్ టూ. నూటికి తొంభైకి పైగా ఈ కిందిదాంట్లోనే ఉంటాయి. కిందిదే అయినా చట్టం చట్టమే. దాని రూపు మారే పని అనుమతి లేకుండా చేస్తే క్రిమినల్ కేసు. ఈ విషయం మా ఆవిడ నాకు వారానికోసారి గుర్తు చేస్తుంది, ముఖ్యంగా నేను సుత్తి పట్టుకున్నప్పుడు.

మార్చి 15, ఆదివారం

పోయిన నెల ఒక డ్యాంప్ ట్రీట్‌మెంట్ కంపెనీ మనిషి వచ్చి, రెండు సూదుల మీటరు గోడకి గుచ్చి, అది కీచుమనగానే తల పంకించాడు. గోడ అడుగున వరసగా రంధ్రాలు వేసి కెమికల్ ఎక్కిస్తే చెమ్మ పైకి పాకదట. రెండడుగుల మందం, మధ్యలో మట్టి, ఎక్కడ ఏ సందుందో తెలీదు. ఆ కెమికల్ ఎటు పోతుందని అడిగితే పది సంవత్సరాల గ్యారంటీ కాగితం చూపించాడు. పంపించేశాను.

ఈ రోజు బయట నిలబడి రాయి రాయి చూశాను. రాయికీ రాయికీ మధ్య అతుకుల నిండా బూడిద రంగు సిమెంటు. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో గానీ రాయి అంచులు దాటించి బయటికి పట్టీలా పొడుచుకొచ్చేలా దిద్దారు. చూడ్డానికి గళ్ల దుప్పటిలా ఉంటుంది. సిమెంటు పట్టీ ఉన్నచోటే ఉంది, రాయే వెనక్కి పోయింది. కిటికీ కింద ఒక రాయి నా వేలి మందం లోతుకి తిని ఉంది. వేలితో గీకితే ఇసుకలా రాలింది. వాన గోడ మీద జారి, ప్రతి పట్టీ మీదా అరుగు మీద కూర్చున్నట్టు కాసేపు ఆగి, నింపాదిగా లోపలికి పోతోంది.

రాత్రి వీడియో కాల్‌లో నాన్నకి చూపించాను. మాది బేతంచెర్ల వైపు. నాన్నకి చిన్నప్పట్నుంచీ నాపరాళ్ల మధ్యే బతుకు.

"రేయ్, అది ఏం రాయి?"

"సున్నపురాయే నాన్నా. మన నాపరాయి లాంటిదే, కాకపోతే మెత్తన."

"మరి సున్నపురాయికి సున్నం పెట్టక సిమెంటు ఎవడు పెట్టినాడురా?"

నిజానికి ఈ ప్రాజెక్టు మొత్తం ఆ ఒక్క ప్రశ్నే. గోడలోకి నీళ్లు రాకుండా ఎవడూ ఆపలేడు, వచ్చిన నీళ్లు బయటికి పోవాలి. సున్నపు అతుకు రాయి కంటే మెత్తన, నీటిని పీల్చి ఆవిరిగా వదిలేస్తుంది. అరిగినా ముందు అదే అరుగుతుంది, మళ్లీ పెట్టుకోవచ్చు. సిమెంటు అతుకైతే రాయి కంటే గట్టి, నీటిని వదలదు. దాంతో నీళ్లు రాయి మొహంలోంచి బయటికొస్తాయి. వస్తూ వస్తూ ఉప్పు తెచ్చి, పైపొర వెనకే గడ్డకట్టించి, పొరని ఊడగొడతాయి. చలికాలంలో ఆ తడే మంచై వ్యాకోచిస్తే మిగిలింది కూడా పోతుంది. అతుకు గట్టిగా నిలిచి రాయి కరిగిపోవడం అనే ఈ తలకిందుల వ్యవహారం మా గోడ మీద గజానికొకటి ఉంది.

మార్చి 28, శనివారం

కౌన్సిల్‌లో పాత కట్టడాల సంగతి చూసే కన్జర్వేషన్ ఆఫీసర్ జవాబిచ్చారు. సిమెంటు తీసి సున్నంతో పాయింటింగ్ చేయడం, అంటే అతుకులు మళ్లీ నింపడం, మా ఇంటి విషయంలో మరమ్మతు కిందికే వస్తుంది, విడిగా అనుమతి అక్కర్లేదు. ముందు ఒక చిన్న చోట నమూనా చేసి ఫొటో పంపమన్నారు. కిటికీలు ముట్టుకుంటే మాత్రం దరఖాస్తు పెట్టాల్సిందే.

ఆ ఊపులో పాపని తీసుకుని హామ్ హిల్ కొండెక్కాం. మా రాయి పుట్టిల్లు అదే. ఇనుప యుగంలో ఆ కొండ మొత్తాన్నీ మట్టికట్టలతో కోటగా చుట్టారు. విస్తీర్ణంలో బ్రిటన్ కొండకోటల్లో అతి పెద్దవాటిలో ఒకటి. రోమన్లు కూడా ఇక్కడ రాయి తీశారు, ఇప్పటికీ తీస్తున్నారు. పాత క్వారీ గుంతల మీద గడ్డి మొలిచి గొర్రెపిల్లలు ఎగరడానికి బాగున్నాయి.

కోసిన రాయిని దగ్గరగా చూస్తే గవ్వల చూర్ణం. జురాసిక్ కాలపు సముద్రంలో పేరుకున్న గవ్వ ముక్కలు, మధ్యలో ఇసుక, వాటిని అతికించిన సున్నం, పసుపు రంగుకి ఇనుపతుప్పు. రాయి పొరలు పొరలుగా ఉంటుంది. గట్టి పొర, కింద మెత్తటి పొర, మళ్లీ గట్టిది. గాలికీ వానకీ మెత్తటి పొర ముందు తినేసి రాయి మీద అడ్డచారలు పడతాయి. మా కర్నూలు నాపరాయి దీనికంటే ఎన్నో రెట్లు పాతది, అందులో గవ్వలుండవు. పాప ఒక ముక్క జేబులో వేసుకుంది. "నాన్నా, ఇది మన ఇల్లేనా?" అని అడిగింది. అవునన్నాను.

ఏప్రిల్ 11, శనివారం

సిమెంటు తీయడం మొదలు.

పక్క వీధిలో ఒక పెద్దాయన ఉన్నాడు. నలభై ఏళ్లు రాతిపని చేసి రిటైరయ్యాడు. కుక్కని తిప్పుతూ రోజూ మా గోడ ముందు ఆగి ఏమీ అనకుండా పోతుంటాడు. ఈ రోజు నా చేతిలో గ్రైండర్ చూసి మాత్రం నోరు తెరిచాడు. "అది లోపల పెట్టేయ్" అన్నాడు.

ఆయన వెళ్లాక ఒకే ఒక్క అతుకు మీద వాడి చూశాను. తప్పు నాదే. బిళ్ల సిమెంటు దాటి జారి కిటికీ కింది రాయి మీద మూడంగుళాల గీత పెట్టింది. మూడు వందల ఏళ్లుగా ఎవరూ గీయని గీత అర సెకనులో నేను గీశాను. ఇకముందు ఈ ఇంట్లో ఎవరున్నా దాన్ని చూస్తూనే ఉంటారు.

తర్వాత ఆయన చెప్పిన పద్ధతే పట్టాను. సిమెంటు పట్టీ మధ్యలో సన్నటి డ్రిల్లుతో దగ్గర దగ్గరగా చిల్లులు వేయాలి. తర్వాత సన్న ఉలి పెట్టి, రాయి వైపు కాకుండా అతుకు మధ్యలోకి కొట్టాలి. చిల్లులు కలిసిపోయి సిమెంటు బిస్కెట్‌లా విరుగుతుంది. కొన్నిచోట్ల మొత్తం పట్టీ ఒక్క ముక్కగా ఊడి చేతికొచ్చింది, వెనకాల తడి నల్లగా మెరుస్తోంది. ఇంకొన్నిచోట్ల రాయి అంచుని కూడా పీక్కుని వచ్చింది. అలాంటి చోట ఆపేసి వదిలేశాను.

మూడు గంటల్లో చదరపు మీటరు కూడా పూర్తి కాలేదు. ముందు గోడలో నాకు అందే భాగమే పదిహేను చదరపు మీటర్లుంది.

సిమెంటు వెనక అసలు సున్నం బయటపడింది. ఇదే ఈ రోజు సంపాదన. లేత గోధుమ రంగు, గోరుతో నొక్కితే గుంట పడేంత మెత్తన. అందులో బఠాణీ గింజంత తెల్లటి సున్నపు ఉండలు, అక్కడక్కడా నల్లటి బొగ్గు నలుసులు. రాయిని బట్టీలో కాల్చినప్పుడు కలిసిన బొగ్గు అది. ఇంకా లోపలికి పోతే సున్నం కూడా లేదు, ఎర్రమట్టే. మట్టితో గోడ పెట్టి, బయటి అంగుళం రెండంగుళాలు సున్నం దిద్దారన్నమాట. మా ఊళ్లో మట్టి మిద్దె కట్టినవాళ్ల ఆలోచనా ఇదే. డబ్బున్నంత మేర సున్నం, లేనిచోట మట్టి.

ఏప్రిల్ 18, శనివారం

చేతులు లేవట్లేదు. పని మానేసి మాంటక్యూట్ హౌస్ అనే పాత జమీందారీ భవనానికి వెళ్లాం, కార్లో పది నిమిషాలు. ఇంతకుముందు రెండుసార్లు వెళ్లాను గానీ తోటలో కేక్ తిని వచ్చేశాను. ఈసారి గోడలు చూడ్డానికి వెళ్లాను. మా ఆవిడ, పాప నాకు వంద అడుగుల దూరంలో నడిచారు, ఈయన ఎవరో మాకు తెలీదన్నట్టు.

అదే కొండ రాయి, అదే తేనె రంగు. కట్టించింది సర్ ఎడ్వర్డ్ ఫిలిప్స్ అనే లాయరు, 1601 ప్రాంతానికి పూర్తయింది. చార్మినార్ కంటే పదేళ్లు చిన్నదనుకుంటే మనకి లెక్క తేలిక. తర్వాత ఈయన పార్లమెంటులో కామన్స్ సభకి స్పీకరయ్యాడు. పార్లమెంటుని మందుగుండుతో పేల్చబోయిన గై ఫాక్స్ మీద 1606లో జరిగిన విచారణలో ప్రభుత్వం తరఫున వాదన మొదలుపెట్టింది కూడా ఈయనే. ఇంటికి ఆర్కిటెక్ట్ ఎవరో కాగితం లేదు. విలియం ఆర్నాల్డ్ అనే రాతిమేస్త్రి అయ్యుంటాడని అంటారు. ఆక్స్‌ఫర్డ్‌లో వాధమ్ కాలేజీ కట్టినవాడు. ఆ రోజుల్లో ఆర్కిటెక్ట్ అనే ఉద్యోగమే విడిగా లేదు, మేస్త్రే అన్నీ.

తూర్పు ముఖం ముందు నిలబడితే మూడంతస్తుల గాజు. రాతి ఇల్లు అంటాం గానీ అక్కడ రాయి కిటికీలకి చట్రంలా ఉంటుంది, అంతే. కిటికీని నిలువుగా పంచే రాతి కమ్మిని మలియన్ అంటారు. మా ఇంట్లో ఒక్కో కిటికీకి రెండే ఉన్నాయి, అక్కడ లెక్కపెట్టడం మానేశాను. అప్పట్లో గాజు బంగారంతో సమానం. ఎంత గాజుంటే అంత ఆస్తి ఉన్నట్టు. పై అంతస్తులో కిటికీల మధ్య గూళ్లలో తొమ్మిదిమంది వీరుల విగ్రహాలు, రోమన్ సైనికుల వేషంలో. వాళ్లలో అలెగ్జాండర్, సీజర్, ఆర్థర్ రాజు ఉన్నారు. వానకి మొహాలు అరిగిపోయి ఎవరు ఎవరో పోల్చుకోవడం కష్టం.

నేను చూడాలనుకున్నది అతుకులు. అక్కడి రాళ్లని నున్నగా చెక్కి పేర్చారు కాబట్టి అతుకు నాలుగైదు మిల్లీమీటర్లే. మాది ముక్కరాళ్ల గోడ, అతుకు రెండు వేళ్ల వెడల్పు. రాజుగారింటికీ కూలివాడింటికీ తేడా రాయిలో లేదు, అతుకులో ఉంది. ఒకే కొండ నుంచి వచ్చినా రాయి చెక్కడానికి పెట్టిన రోజుల లెక్కే వేరు. కిటికీల మీద రాతి చూరు మాత్రం ఇద్దరికీ ఉంది. కిటికీ నెత్తిన కనుబొమలా ముందుకొచ్చి, రెండు చివర్లా కిందికి వంగి, వాన నీటిని కిటికీ మీద పడకుండా పక్కలకి దింపుతుంది. దాని అడుగున సన్నటి గాడి ఒకటి చెక్కి ఉంటుంది. నీటిచుక్క రాయి కిందగా వెనక్కి పాకుతూ గోడకి చేరకుండా ఆ గాడి దగ్గరే తెగిపడడానికి. వంగి వేలితో తడిమి చూశాను. మా ఇంటి చూరుకి ఆ గాడి నిండా సిమెంటు!

పడమటి ముఖం ఈ ఇంటిది కాదు. 1786లో డోర్సెట్‌లో క్లిఫ్టన్ మేబ్యాంక్ అనే పాత భవనాన్ని కూల్చుతుంటే అప్పటి ఫిలిప్స్ వారసుడు దాని ముందుభాగాన్ని రాయి రాయిగా కొని, బళ్ల మీద తెచ్చి ఇక్కడ పెట్టించాడు. అప్పట్నుంచీ వాకిలి తూర్పు నుంచి పడమరకి మారింది. వాస్తు చూసేవాళ్లుంటే ఏమనేవాళ్లో.

లోపల పెద్ద హాల్లో గోడ మీద సున్నంతో చేసిన బొమ్మల కథ ఉంది. చంటిపిల్లని చూసుకోమంటే మొగుడు పీపాలోంచి బీరు ఒంపుకుంటుంటాడు. భార్య వెనకనుంచి వచ్చి చెప్పు తీసి బుర్ర మీద ఒకటిస్తుంది. పక్క బొమ్మలో అతన్ని దుంగ మీద ఎక్కించి ఊరేగిస్తున్నారు. మన దగ్గర గాడిద, అక్కడ దుంగ. మా ఆవిడ ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. నేను పై అంతస్తుకి పోయాను.

పైన లాంగ్ గ్యాలరీ 172 అడుగులు. ఇంగ్లండ్‌లో మిగిలిన వాటిలో ఇదే పొడవైనది. వానాకాలంలో నడవడానికి కట్టుకున్న హాలు అది. పాప ఈ చివర నుంచి ఆ చివరకి పరిగెత్తబోతే అక్కడి వాలంటీరు అమ్మ నవ్వుతూ ఆపింది.

కర్జన్ పడకగది కూడా చూశాం. అవును, మన వైస్రాయ్ కర్జనే. 1905లో బెంగాల్‌ని చీల్చి వందేమాతరం ఉద్యమానికి నిప్పు పెట్టినవాడు. 1915లో ఈ ఇంటిని అద్దెకి తీసుకున్నాడు. గదిలో బీరువా తలుపు తెరిస్తే లోపల స్నానాల తొట్టి ఉంటుంది. పాత గది అందం చెడకుండా దాన్ని అలా దాచారు. ఈ మనిషి మీద నాకు మంచి అభిప్రాయం లేదు గానీ 1904లో మన దేశంలో పురాతన కట్టడాల రక్షణ చట్టం తెచ్చింది ఇతనే. ఇంగ్లండ్‌కి తిరిగొచ్చాక ఇక్కడి పాత కోటలు కొని బాగుచేయించిందీ ఇతనే. ఒకే మనిషిలో రెండూ.

1931 నాటికి ఈ భవనాన్ని పగలగొట్టి అమ్మితే వచ్చే విలువ 5,882 పౌండ్లుగా లెక్కకట్టారు. థామస్ కుక్ ట్రావెల్ కంపెనీ కుటుంబానికి చెందిన ఎర్నెస్ట్ కుక్ డబ్బు పెట్టబట్టి అది పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ చేతికొచ్చి నిలిచింది. లేకపోతే ఆ రాళ్లు కూడా ఏ పశువుల కొట్టానికో పోయేవి.

మే 2, శనివారం

సున్నం ఏది, ఇసుక ఏది అనేది తేల్చే రోజు.

పాత సున్నం ముక్కలు కొన్ని గాజు సీసాలో వేసి వినిగర్ పోసి వారం వదిలాను. బుడగలొచ్చి సున్నం కరిగిపోయింది, అడుగున ఇసుక మిగిలింది. పసుపు రంగు ముతక ఇసుక, నూకల సైజు నుంచి రవ్వ సైజు దాకా. అంగట్లో దొరికే ఒకే సైజు మెత్తటి ఇసుకతో చేస్తే అతుకు బీటలిస్తుందని అప్పుడు అర్థమైంది. రకరకాల సైజు గింజలుంటేనే ఒకదాని సందులో ఒకటి ఇరుక్కుంటాయి.

సున్నంలో ఇక్కడ సంచీ మీద అంకెలుంటాయి. ఎన్‌హెచ్‌ఎల్ (న్యాచురల్ హైడ్రాలిక్ లైమ్, నీటితో కూడా గట్టిపడే సున్నం) 2, 3.5, 5. అంకె పెరిగేకొద్దీ గట్టిదనం పెరుగుతుంది. ఐదు నంబరు కొనమన్నాడు షాపు కుర్రాడు, "స్ట్రాంగ్‌గా ఉంటుంది" అని. స్ట్రాంగ్ వద్దనే కదా ఇంత గొడవ. మెత్తటి రాయికి రెండు నంబరు చాలు. సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు.

నాన్న మళ్లీ ఫోన్లో. సున్నపు గానుగ చుట్టూ ఎద్దు తిరగడం, రాతి చక్రం కింద సున్నమూ ఇసుకా వెన్నలా నలగడం, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు పోయడం అంతా చెప్పాడు. "నువ్వు ఎంతసేపు కలుపుతావురా?" అన్నాడు. ఇరవై నిమిషాలన్నాను. నవ్వాడు. బెల్లం వేద్దామా అని నాకూ ఒక క్షణం అనిపించింది గానీ కన్జర్వేషన్ ఆఫీసర్‌కి ఏం చెప్పాలో తోచక ఊరుకున్నాను.

ఆరు రకాలుగా కలిపి అప్పాల్లా బిళ్లలు పోసి నంబర్లు వేసి షెడ్డులో పెట్టాను. తడిగా ఉన్నప్పుడు రంగు చూసి మోసపోకూడదు, ఆరాక తెల్లబడుతుంది.

మే 10, ఆదివారం

నాలుగో నంబరు బిళ్ల రంగు పాతదానికి దగ్గరగా వచ్చింది. దాంతో కిటికీ కింద రెండు చదరపు మీటర్లు పెట్టాను. మధ్యాహ్నం ఎండ, పొడిగాలి. మనకి ఇలాంటి వాతావరణం దొరికిందే గొప్ప అనుకున్నాను. సాయంత్రానికి ప్రతి అతుకులో వెంట్రుకంత బీటలు. తాపీ మొనతో తాకితే పొడి.

మే 16, శనివారం

పెట్టిందంతా గీకేశాను. పెద్దాయన కుక్కతో సహా వచ్చి చూసి, "గోడకి దాహమేసింది, నువ్వు తాగించలేదు" అన్నాడు. ఎండిన రాయి సున్నంలోని నీళ్లని క్షణంలో పీల్చేస్తుంది. సున్నం పూర్తిగా గట్టిపడాలంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కావాలి, దాన్ని తీసుకోవడానికి తడి కావాలి. ఎండబెట్టడం కాదు, తడిలో ఉంచి నెమ్మదిగా గట్టిపడనివ్వాలి. సిమెంటు గోడకి క్యూరింగ్ చేయించిన ఇంట్లో పుట్టి ఈ మాట ఇంగ్లండ్‌లో నేర్చుకోవాల్సి వచ్చింది.

ఈసారి ముందు రోజు రాత్రి, మళ్లీ పొద్దున స్ప్రేయర్‌తో అతుకుల లోపల దాకా తడిపాను. తడి కనపడాలి, నీళ్లు నిలవకూడదు. సున్నం ముద్ద చేతిలో ఉండ కట్టేంత గట్టిగా, తాపీ తిరగేసినా జారనంతగా కలిపాను. లోతుగా ఉన్నచోట ఒకేసారి నింపకుండా రెండు దఫాలుగా, పెద్ద సందుల్లో రాతి చిప్పలు దోపి, సన్న తాపీతో లోపలికి కూరాను. నున్నగా దిద్దాలని చేయి ఎంత లాగినా దిద్దలేదు. మూడు గంటలయ్యాక, బొటనవేలు నొక్కితే గుంట పడకుండా అచ్చు మాత్రం పడే దశలో గట్టి కుచ్చుల బ్రష్‌తో టపటపా కొట్టాను. దాంతో పైన తేలిన సున్నపు పాల పొర పోయి ఇసుక గింజలు బయటపడ్డాయి. అతుకు రాయి అంచు కంటే వెంట్రుకవాసి లోపలికి నిలిచింది. ఆ గరుకుతనంతోనే అది గాలి పీలుస్తుంది.

తర్వాత గోనెపట్టాలు తడిపి కట్టాను. వారం పాటు రోజుకి రెండుసార్లు వాటి మీద నీళ్లు చిలకరించడం పాప డ్యూటీ. ఇంటి ముందు గోనెలు వేలాడుతుంటే మిరపకాయల కొట్టులా ఉందని మా ఆవిడ కామెంటు.

గ్లవ్స్ చినిగిన రోజు చూపుడువేలు కాలింది. సున్నం నిప్పులా కాల్చదు, సాయంత్రం దాకా ఏమీ అనకుండా ఉండి రాత్రి కాలుస్తుంది. నాన్న "ముందే కొబ్బరి నూనె రాసుకోవాల" అన్నాడు. కళ్లద్దాలు మాత్రం మొదటి రోజు నుంచీ తీయలేదు.

జూన్ 20, శనివారం

గీకడం, తడపడం, కూరడం, కొట్టడం, కప్పడం. ఐదు వారాలుగా ఇదే. రాయడానికేమీ లేదు.

ఈ రోజు మాత్రం ఒక రాయి సంగతి. వాకిలి పక్కన మోకాలి ఎత్తులో ఒకటి పుస్తకం పేజీల్లా ఊడుతోంది, చుట్టూ ఉన్నవి బాగానే ఉన్నాయి. పెద్దాయన వేలితో దాని అంచు మీద గీత గీసినట్టు చూపించాడు. రాయి కొండలో ఎలా పడుకుని ఉందో గోడలోనూ అలాగే పడుకోబెట్టాలి. పొరలు అడ్డంగా ఉంటే పై బరువు వాటిని నొక్కి పట్టి ఉంచుతుంది. దీన్ని ఎవరో నిలబెట్టి పెట్టారు, పొరలు వీధి వైపు తిరిగాయి. పట్టి ఉంచేదేమీ లేక ఒక్కో పేజీ ఊడి రాలుతోంది. మూడొందల ఏళ్ల కింద ఒక మేస్త్రి సాయంత్రం పూట తొందరపడి ఉంటాడు.

దాన్ని ఒక్కదాన్నే మార్చాం, అదీ ఫొటోలు పంపి కన్జర్వేషన్ ఆఫీసర్ సరేనన్నాకే. హామ్ హిల్ రాయే తెప్పించి, చెక్కే పని నావల్ల కాదు కాబట్టి ఒక మేస్త్రిని పెట్టుకున్నాను. గ్రైండర్ గీత ఉన్న రాయినీ, తిని ఉన్న ఇంకో ఆరింటినీ కూడా మార్చేద్దామన్నాను. "ఇంకో యాభై ఏళ్లుంటాయి, వాటి జోలికి పోకు" అన్నాడు పెద్దాయన. ఇక్కడ ఈ ఆలోచనకి పాత చరిత్ర ఉంది. 1877లో ట్యూక్స్‌బరీ చర్చిని కొత్తదానిలా చేసేస్తారన్న భయంతో కవి, డిజైనర్ విలియం మోరిస్ పాత కట్టడాల రక్షణకి ఒక సంఘం పెట్టాడు. కారే చోట ఆపు, కూలే చోట నిలబెట్టు, అంతకుమించి చేయి పెట్టకు అన్నది వాళ్ల పద్ధతి. పాత గోడల్ని గీకి కొత్తవాటిలా చేసే అలవాటు మీద కోపంతో ఆ సంఘానికి "యాంటీ స్క్రేప్" అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. మాంటక్యూట్ కొనుగోలు ఆ సంఘం ద్వారానే జరిగింది.

జూలై 11, శనివారం

పై అంతస్తులో రాళ్లతో మూసేసిన కిటికీ ఒకటుంది. ఊళ్లో ఎవరిని అడిగినా కిటికీ పన్ను అంటారు. 1696 నుంచి 1851 దాకా ఇళ్లకి కిటికీల లెక్కన పన్నుండేది నిజమే. పన్ను తప్పించుకోడానికి మూసినవాళ్లూ ఉన్నారు. కానీ మా కిటికీ వెనక సరిగ్గా మెట్లు తిరుగుతాయి. మెట్లు కట్టేటప్పుడు అడ్డమొచ్చి మూసి ఉంటారని నా అనుమానం. పెద్దాయనకి చెప్తే, "పన్ను కథే బాగుంది" అన్నాడు.

రాతి చూరు అడుగు గాడిలోని సిమెంటు ఈ రోజు తీసేశాను. గంట పని. సాయంత్రం జల్లు పడితే ఇంట్లోవాళ్లందర్నీ బయటికి పిలిచి చూపించాను. చుక్కలు వరసగా గాడి దగ్గర తెగి కింద పడుతున్నాయి, గోడకి ఒక్కటీ పోవట్లేదు. నాతో పాటు తడుస్తూ చూసింది పాప ఒక్కతే.

ఆగస్టు 22, శనివారం

ముందు గోడ నాకు అందినంత మేర అయిపోయింది. పైభాగానికి స్కాఫోల్డింగ్ కావాలి, వచ్చే ఏడాది. అక్టోబరు తర్వాత మంచు పడే రాత్రులొస్తే పచ్చి సున్నం పగిలిపోతుంది కాబట్టి ఈ ఏడాదికి తాపీ కడిగేశాను.

లోపల, కిటికీ కింద ప్లాస్టిక్ రంగంతా గీకేసి సున్నం వేశాను. మార్చిలోనే చెమ్మ అంచు చుట్టూ పెన్సిల్ గీత గీసి తేదీ వేశాను, ప్రతి నెలా ఒకటి. మార్చి గీత నేల నుంచి 62 సెంటీమీటర్లు, ఆగస్టు గీత 41. ఎండాకాలం కూడా సాయం చేసి ఉంటుంది, అందుకే సంబరపడటం జనవరికి వాయిదా. మా ఆవిడ మాత్రం ఆ గీతలు ఎప్పుడు చెరిపేస్తావని అడుగుతోంది.

సెప్టెంబరు 6, ఆదివారం

షెడ్డు సర్దుతుంటే మే నెల బిళ్లలు దొరికాయి. నాలుగో నంబరుది మధ్యకి విరిచాను. ఆన్‌లైన్లో తెప్పించిన ఫినాఫ్తలీన్ ద్రావణం, ఇంటర్ కెమిస్ట్రీ ల్యాబులో వాడినదే, విరిగిన చోట నాలుగు చుక్కలు వేశాను. సున్నం ఇంకా సున్నంగానే ఉన్నచోట గులాబీ రంగు తిరుగుతుంది. మళ్లీ రాయిగా మారినచోట రంగు రాదు.

అంచు చుట్టూ నా చిటికెన వేలి గోరు వెడల్పున తెల్లగానే ఉండిపోయింది. పాప కళ్లు పెద్దవి చేసుకుని చూస్తోంది. "ఎంత రాయైంది నాన్నా?" అంది. స్కేలు పెట్టి కొలిచాం, ఐదు మిల్లీమీటర్లు. నాలుగు నెలలకి అంత. మధ్యలో అంతా బీట్‌రూట్ రంగు.